ఎడమ చుట్టు

ఆ పొద్దున ఆకాశం, కాచి మూత పెట్టడం మరిచిపోయిన పాలలా ఉంది. పైన పల్చగా మీగడ కట్టింది. దాని కింద ఏదో వెలుగు వెచ్చగా కదులుతోంది గానీ పైకి రావడం లేదు. వాన పడుతుందా, ఎండ కాస్తుందా అని అడిగితే రెండింటికీ తలూపే మనిషిలా ఉంది. ఆమె వర్క్‌షాపు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, పెద్ద తలుపు పైనుంచి కనిపిస్తున్న ఆ ముక్క ఆకాశాన్ని కాసేపు చూసింది. తర్వాత చూపు దించింది. ఎదురుగా ఆమె ఇల్లు నేల విడిచి పైకి లేస్తోంది.

"అక్కా, లోపల ఎవరూ లేరుగా?" అని కేకేసింది మెకానిక్, మీట మీద చెయ్యి వేసి. తలకి గుడ్డ బిగించి, చెవి వెనక పెన్సిలు దోపుకున్న ఆడమనిషి. నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తుంది. "ఒకసారి ఎత్తానంటే దిగడానికి మెట్లుండవు మరి!"

"ఎవరూ లేరు" అంది ఆమె.

ఎవరూ లేరు. మాట బయటికి పోయాక కూడా నాలిక మీద ఏదో మిగిలిపోయింది, కుట్టు విప్పాక గుడ్డలో ఉండిపోయే దారప్పోగులా. రెండు ఇనప స్తంభాల మధ్య ఇల్లు మూలుగుతూ లేచింది. చక్రాలు కిందికి వేలాడాయి, నీళ్ళలోంచి ఎత్తి పట్టుకున్న బాతు కాళ్ళలా. ఆమె కుట్టిన ఆకుపచ్చ కర్టెను కిటికీలో ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి నిలబడింది. లోపల గోడ గడియారం తిరుగుతూనే ఉండి ఉంటుంది. కప్పులు కొక్కేలకి వేలాడి ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉంటాయి. మంచం మీద దుప్పటి మడత పెట్టిందో లేదో గుర్తు రాలేదు. ఇల్లు పైకి పోయి తాను కింద ఉండిపోవడం ఎక్కడో చూసినట్టే ఉంది. కలలోనేమో. కలలో ఇల్లు అలాగే లేచి, పొగలా తోట మీదుగా పోతూ ఉంటుంది, కిటికీలోంచి ఎవరో చెయ్యి ఊపుతారు, ఏ చెయ్యో కనిపించేలోగా మెలకువ వస్తుంది. కాగితాల మీద దాని పేరు మోటార్‌హోమ్. వాళ్ళ నోట్లో ఎప్పుడూ ఇల్లుబండే. ఇంటికి గుమ్మం ఒకటే, గుమ్మం ముందు ఊరే మారిపోతూ ఉంటుంది. ఎక్కడ తోటలుంటే అక్కడ, ఎక్కడ చెట్లు అంటు కట్టించుకోవాలంటే అక్కడ. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ అదే పని, మరిది ఎదిగాక ముగ్గురిదీ. ఆయన కొమ్మ కోస్తాడు, మరిది కట్టు కడతాడు, ఆమె మైనం కాచి ఆ కట్టు మీద పూస్తుంది. ఒక చెట్టుకి మూడు జతల చేతులు.

ఇప్పుడు రెండు జతలే. ఈ ఉదయమే ఆయన్ని తోటలో దించి వచ్చింది. నిన్న కోసిన పచ్చి కొమ్మలు తడిగుడ్డలో ఉన్నాయి, అవి ఎవరి కోసమూ ఆగవు. దిగేటప్పుడు ఆయన, తోటల వాళ్ళంతా రేడియో అని పిలిచే మనిషి, కొమ్మల మూట చంకన పెట్టుకుని ఏదో అనబోయి తలుపు మీద రెండు దెబ్బలు వేసి వెళ్ళిపోయాడు. రేడియో మూగబోవడం ఈ మధ్యే మొదలైంది. ఆ సందేశం ఫోన్లోకి వచ్చిన సాయంత్రం నుంచి. బండి తయారుచేసిన కంపెనీ వాళ్ళు పంపారు. ఈ రకం బళ్ళన్నిటినీ వెనక్కి పిలుస్తున్నామని, ట్యాంకు నుంచి పోయే పెట్రోలు గొట్టం అతుకు దగ్గర వదులై కారే ప్రమాదం ఉందని, బాగు చేయించేదాకా లోపల పొయ్యి వెలిగించవద్దని, దగ్గర్లోని వర్క్‌షాపులో ఊరికే మార్చి ఇస్తారని. ఆయన అలవాటు కొద్దీ దాన్ని పాటలా పైకి చదివాడు. చదువుతూ చదువుతూ 'పెట్రోలు' దగ్గర ఆగిపోయాడు, పాట మధ్యలో కరెంటు పోయినట్టు. ఆమె అప్పుడు పొయ్యి మీద కూర కలుపుతోంది. గరిటె పక్కన పెట్టి, పొయ్యి ఆర్పింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ గుర్తొచ్చింది ఒక్కడే. వాడి పేరు ఆ ఇంట్లో పలికి రెండు పూతలు దాటిపోయింది.

మరిది ఆ మాట వెళ్ళిపోకముందే చెప్పాడు. అందుకే ఈ కుర్చీ ముళ్ళ కుర్చీలా ఉంది. మెకానిక్ ఇప్పుడు లైటు పట్టుకుని ఇంటి కిందకి వెళ్తుంది, పొట్ట తడిమి చూస్తుంది. అక్కడ తడిగా ఉంటే మరిది అన్నది నిజం. పొడిగా ఉంటే తాను అన్నది నిజం. నిజం తనదైతే వాడు వెళ్ళిపోవడం వాడి తప్పు. కాకపోతే ఆ తప్పు ఎక్కడికి పోతుంది? ఎక్కడ దింపాలి దాన్ని? ఇంటి తలుపు దాకా వచ్చి నిలబడితే ఏమనాలి? పొడిగా ఉండాలని మనసులో అనుకుంది. వెంటనే సిగ్గేసింది. పొడిగా ఉండాలి, పొడిగా ఉండకూడదు, రెండు కోరికలూ ఒకే గంగాళంలో రెండు చేపల్లా తిరుగుతున్నాయి, ఒకదాని తోక ఒకదానికి తగులుతోంది.

పక్క కుర్చీలో కారు కోసం ఎదురుచూస్తున్న ముసలాయన చేతికర్ర గడ్డానికి ఆనించి పైకి చూశాడు. "ఇంటిక్కూడా జబ్బు చేస్తుందన్నమాట" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "మా ఆవిడకి చెప్పాలి. ఇల్లు కదలదు, మారదు అని తెగ దెప్పుతుంది నన్ను." ఆమె నవ్వింది. నవ్వు పెదవుల దాకానే వచ్చింది.

షెడ్డులో అన్నీ నూనె వాసన వేస్తూ ఉండాలి. ఆమెకి ఏమీ తెలియదు. ఏళ్ళ తరబడి మైనం, గుగ్గిలం కాచి కాచి ఆ పొగకి ముక్కు పోయింది. ముందు పువ్వులు పోయాయి, తర్వాత సబ్బు, ఆ తర్వాత మాడిన కూర. మాడితే మరిదే చెప్పేవాడు. "వదినా, అడుగంటింది" అని బయటి నుంచే అనేవాడు, చెట్టు మీద ఉండి కూడా. ఆయన నవ్వేవాడు, మీ వదిన ముక్కు నీ మొహానికి అతికించారురా, దాన్ని మాత్రం ఎవరు కట్టారో గానీ కట్టు బాగా కుదిరింది అని. వాడు మాట్లాడితే అంతే, నాలుగు మాటలు. ఒకసారి చెప్పింది రెండోసారి చెప్పే అలవాటు పుట్టుకతోనే లేదు. ఆమె కాపురానికి వచ్చేసరికి వాడికి పాలపళ్ళు ఊడుతున్నాయి. మొదటి రోజు అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు, కొత్తకోడలు కదా అని ఆమెకి మధ్యలో చోటిచ్చారు. ఎదురుగా ఆ పిల్లాడు కుడి చేత్తో చెంచా పట్టుకుని ఒలకబోసుకుంటున్నాడు. ఎడమ చెయ్యి కనిపించలేదు. వంగి చూస్తే వెనక కుర్చీకి తువ్వాలుతో కట్టేసి ఉంది. ఎడంచెయ్యి అలవాటు మానాలని అత్తగారు కట్టిందట. ఎవరూ ఏమీ అనడం లేదు, వాడూ ఏడవడం లేదు, మెతుకు మెతుకూ ఏరుకుంటున్నాడు. ఆమె లేచి వెళ్ళి ఆ ముడి విప్పింది. కొత్తకోడలు, మొదటి పూట. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు ఆగింది. అత్తగారు చూసింది. ఆమె తన చోటికొచ్చి కూర్చుని తన పళ్ళెంలోకి చూస్తూ తినడం మొదలుపెట్టింది. కాసేపటికి ఎదురుగా ఎడమచేతి చెంచా పళ్ళేనికి తగిలిన చప్పుడు వినబడింది, చిన్నగా, దొంగతనంగా.

ఆ చెయ్యే పెద్దదయి అంత కట్టు కట్టింది. అంటు కట్టడంలో కోత గొప్పదని అందరూ అనుకుంటారు. కోత ఎవరైనా నేర్చుకుంటారు. బెరడుకి బెరడు పెట్టి, రెండు గాయాలూ ఒకదాన్నొకటి నమ్మేదాకా కదలకుండా పట్టుకోవాలి, అదీ పని. బిగుతు ఎక్కువైతే కొమ్మ గొంతు పిసికినట్టవుతుంది. వదులైతే నీరు చేరి కుళ్ళుతుంది. వాడు రబ్బరు పట్టీని ఎడమకి చుట్టేవాడు. లోకంలో అందరూ కుడికి చుడతారు. వాడి కట్టు చివర ముడి ఉండదు. కొసని కింద చుట్టులోంచి దూర్చి లాగి, పిల్లి తోకంత వదిలేస్తాడు. పాత తోటలకి మళ్ళీ వెళ్ళినప్పుడు, కట్టు ఎప్పుడో ఊడిపోయి చెట్టు మానైపోయినా బెరడు మీద ఆ వాలు మిగిలే ఉండేది. ఆమె వేళ్ళతో తడిమి, ఇది వాడిది అనేది. ఇప్పుడు ఆమే కడుతోంది. కుడికి. ఆమె కట్టినవి సగం పట్టుకుంటాయి, సగం ఎండిపోతాయి. తోటల వాళ్ళు మంచివాళ్ళు, ఏమీ అనరు. ఎండిన కొమ్మే అంటుంది.

వాడు మొదటిసారి అన్నది ఒక గుట్ట మీద. తోట వాలులో ఉంది, ఇల్లుబండి కూడా వాలుగా నిలిచింది, ఆ పొద్దున్నే ట్యాంకు నిండా పోయించుకొచ్చారు. "పెట్రోలు వాసనొస్తోంది" అన్నాడు, మెట్టు మీద ఒక కాలు పెట్టి. ఆయన వంగి చూశాడు, ఏమీ లేదన్నాడు. నీ ముక్కుకి మూడు కళ్ళురా అన్నాడు. అయినా బండిని కింద ఊళ్ళో షాపుకి తీసుకెళ్తే, అక్కడ నేల సమంగా ఉంది, ట్యాంకు సగానికొచ్చింది, షాపువాడు అతుకు మీద వేలు పెట్టి వేలు చూపించాడు. పొడి. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయన ఆ వేలి కథ చెప్పి నవ్వాడు, తోటలో చెప్పాడు, పక్క తోటలో చెప్పాడు. రేడియో ఆగుతుందా? ఆమె కూడా నవ్వింది. నవ్వినట్టు బాగా గుర్తు. మరిది నవ్వలేదు, కోపమూ పడలేదు. ఆ సాయంత్రం నుంచి ఆమె పొయ్యి తెచ్చి బయట పెట్టడం మొదలుపెట్టాడు. ఆమె లోపల పెడుతుంది, వాడు బయట పెడతాడు. గాలికి మంట ఆరిపోతుంటే మంటకి అడ్డంగా గాలి వచ్చే వైపు వీపు పెట్టి గొంతుక్కూర్చుంటాడు, వంటయ్యేదాకా. ఇదేం చాదస్తంరా అంటే పలకడు. నా వంటిల్లు నీకేం పాపం చేసింది అంటే పలకడు. చెప్పింది వాడు ఒకసారి చెప్పేశాడు కదా.

ఆ తర్వాత ఆ వాన సాయంత్రం. దాని దగ్గరికి మనసు పోయినప్పుడల్లా పక్కదారి పట్టించేది, ఉతకాల్సిన బట్టలనో కాచాల్సిన మైనమనో. ఇవాళ పక్కదారి లేదు, చేతులు ఖాళీ. రోజంతా తడిసి వచ్చారు. వాన కదా అని ఆమె పొయ్యి లోపలే వెలిగించింది, బంగాళాదుంపలు ఉల్లిపాయలు వేసి ఉడికిస్తోంది, కిటికీ అద్దం ఆవిరి పట్టి వెచ్చగా ఉంది, ఆ వెచ్చదనం తన చేత్తో చేసిందని ఒక తృప్తి. మళ్ళీ వాలు మీదే నిలిచారు, మళ్ళీ నిండు ట్యాంకే. తలుపు తెరుచుకుంది. వాడు నీళ్ళోడుతూ లోపలికొచ్చి, ఒక్క మాట లేదు, పొయ్యి ఆర్పి, గిన్నె రెండు చెవులూ వట్టి చేతుల్తో పట్టుకుని బయటికి విసిరేశాడు. గిన్నె రాయికి తగిలిన చప్పుడు. బురదలో బంగాళాదుంపలు, వాటి మీద వాన, వాటిలోంచి ఆవిరి. ఆమె చాలా సేపు వాటినే చూసింది. తర్వాత అంది. "నా వంట పారబోసే చెయ్యి నా ఇంట్లో అక్కర్లేదు." చెయ్యి. మనిషి అనలేదు, చెయ్యి అంది. వాడు ఆ చేతిని చూసుకున్నాడు, కాలి ఎర్రబడి ఉంది. కత్తుల మూట తీసుకుని వానలోకి దిగాడు. ఆయన వెనక కొంత దూరం వెళ్ళి తిరిగొచ్చాడు. తర్వాత తెలిసింది, పెద్దరోడ్డు మీద మొక్కల నర్సరీలో పనికి కుదిరాడని. ఆయనకి అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. ఏమంటున్నాడని ఆమె అడగలేదు, ఆయనే ఎటో చూస్తూ అనేవాడు, ఏముంది, మనం ఎక్కడ దిగామో అడుగుతాడు, చెప్పాక పెట్టేస్తాడు, అదీ వాడి మాట తీరు అని.

ఆ గిన్నె ఇప్పుడూ వాడుతోంది. ఒక పక్క సొట్ట. సొట్ట గోడ వైపు తిప్పి పెడుతుంది.

పైన లైటు వెలిగింది. మెకానిక్ ఇంటి కిందకి పోయి మెడ వెనక్కి వాల్చి చూస్తోంది. ఆమె తన ఇంటి అడుగు ఎన్నడూ చూడలేదు. ఇన్నేళ్ళు దాని మీద పడుకుంది, వండింది, జ్వరపడింది. ఇంత నల్లగా, ఇన్ని పేగులతో, ఇంత బురద ఎండి పొరలు పొరలుగా ఉంటుందని తెలియదు. ఒక్కో తోట మట్టి ఒక్కో రంగు. ఎర్రది ఆ నిమ్మతోటది, బూడిదరంగు ఏటిగట్టుది. అడుగున గడ్డిపరకలు ఇరుక్కుని ఉన్నాయి. గడ్డి చూస్తే కుక్క గుర్తొచ్చింది. ఆ వానల తర్వాత వచ్చిన చలికాలం నుంచీ ఒక కుక్క తిరుగుతోంది వాళ్ళ వెనక. ఎప్పుడూ కనిపించలేదు. ఏ తోటలో దిగినా కొన్నాళ్ళకి ఒక ఉదయం, పని నుంచి వచ్చేసరికి, ఇల్లుబండి కింద మంచు గడ్డి అణిగిపోయి ఉండేది, ఎవరో పడుకుని లేచినట్టు. పాపం ఏ దిక్కూ లేనిది, ఎక్కడ వెతుక్కుంటూ వస్తోందో అని మిగిలిన రొట్టె, కూర ఒక గిన్నెలో వేసి మెట్టు మీద పెట్టడం అలవాటు చేసుకుంది. కొన్ని రోజులు అలాగే ఎండిపోయేది. కొన్ని రోజులు గిన్నె కడిగి, మెట్టు మీద బోర్లించి ఉండేది. ఆయన కడిగి పెట్టాడనుకునేది. ఆయన జన్మలో గిన్నె కడిగి ఎరగడు, అయినా అలాగే అనుకునేది. కొన్ని విషయాలు అలా అనుకుంటేనే రోజు గడుస్తుంది.

"అక్కా!" మెకానిక్ గొంతు ఇనప గోడలకి తగిలి వచ్చింది. "పొడిగానే ఉంది! నీ ఇల్లు బంగారం."

పొడి. తనదే నిజం. తన వంట, తన పొయ్యి, తన మాట. వాడి మూడు కళ్ళ ముక్కుదే తప్పు. ఆ షాపువాడి వేలు నిజం. ముసలాయన కర్ర ఊపి, "శుభం" అన్నాడు. ఆమె తలూపింది. ఒంట్లోంచి ఏదో దిగిపోతుందని చూసింది. ఏదీ దిగలేదు. నిజం చేతికొచ్చింది గానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతిలా ఉంది మనసు. ఆ గెలుపుని తీసుకెళ్ళి ఎవరికి చూపించాలి? పొడిగా ఉందట అని ఆయనతో అంటే ఆయన ఏమంటాడు? సరే అంటాడు. కత్తి తీసుకుని ఇంకో కొమ్మ కోస్తాడు.

"ఉండుండు" అంది మెకానిక్. గొంతు మారింది. "ఇదేంటిది? ఇది మా వాళ్ళ పని కాదే. ఎవరో కట్టు కట్టారు. ఏమిటిది, రబ్బరా? అక్కా, ఒకసారి ఇటు రా, తల జాగ్రత్త."

ఆమె లేచి వెళ్ళింది. నడుస్తున్నట్టు లేదు, ఎవరో తీసుకెళ్తున్నట్టు ఉంది. తన ఇంటి కిందకి తాను తల వంచి వెళ్ళింది, నీడలోకి. పైన తన మంచం, మంచం కింద చెక్క, చెక్క కింద ఇనుము, ఇనుము కింద గొట్టం, ఆ గొట్టం గొట్టాన్ని కలుసుకునే చోట లేత పసుపు రంగు పట్టీ, చుట్టు మీద చుట్టు, చేపపొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సగం సగం ఎక్కి. లైటు పడి మెరుస్తోంది. ఎడమకి. కొస కింద చుట్టులోంచి వచ్చి, పిల్లి తోకంత వేలాడుతోంది.

"ఎవరు కట్టారో గానీ చెయ్యి తిరిగినవాడే" అంటోంది మెకానిక్, చాకు తీస్తూ. "పెట్రోలు తగిలితే ఈ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బి ఇంకా బిగిసింది. కొన్నాళ్ళకి పిప్పి అయిపోతుందనుకో, మళ్ళీ కట్టాలి. ఇదిగో చూడు, లోపలి పొరలు పిప్పే. వాటి మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి." పట్టీని గోరుతో లేపింది. "పైది కొత్తది. నెల కూడా అయ్యుండదు."

నెల కిందట ఎక్కడున్నాం? ఏటిగట్టు తోటలో. వాడు పోయి రెండు పూతలైంది. ఏటిగట్టు నుంచి పెద్దరోడ్డు ఎంత దూరం, బైకు మీద తెల్లారకముందే బయల్దేరాలి, వీళ్ళు కత్తులు పట్టుకుని తోటలోకి పోయేదాకా చెట్ల వెనక ఉండాలి, వెల్లకిలా పాక్కుంటూ వెళ్ళాలి మంచు గడ్డిలో, మొహం మీద కారుతుంటే కట్టాలి. ఆ పైన ఆమె మంచం. ఆ పైన ఆమె పొయ్యి. రోజూ అగ్గిపుల్ల గీసింది. వానలో గీసింది, చలిలో గీసింది, వాడి మీద కోపంతో కావాలనే లోపల గీసింది. ప్రతి పుల్లకీ కింద ఈ కట్టు ఉంది. అణిగిన గడ్డి పొడవుగా ఉండేది. కుక్క చుట్టచుట్టుకుని పడుకుంటుంది, గుండ్రంగా. ఆ గడ్డి పొడవుగా, మనిషి పొడవునా. చూసింది, చూసినా చూడలేదు. మనం ఎక్కడ దిగామో అడుగుతాడు, చెప్పాక పెట్టేస్తాడు.

మెకానిక్ చాకు మొన కొస కింద పెట్టి కోసింది. పట్టీ నిట్టూర్చినట్టు విడిపోయింది. క్షణం ఏమీ లేదు. తర్వాత అతుకు చుట్టూ ఒక తడి గీత ఏర్పడింది, కన్ను నిండినట్టు నిండింది, ఒక చుక్క కిందికి సాగి, నిలబడి, తెగి సిమెంటు నేల మీద పడింది. దాని వెనక ఇంకోటి.

"అమ్మో" అంది మెకానిక్ మెల్లగా, పళ్ళెం జరుపుతూ. "ఈ కట్టు లేకపోతే..." ఆగి ఆమె మొహం చూసింది. "కొత్త గొట్టం, కొత్త బిగింపు వేసేస్తా అక్కా. కాసేపట్లో అయిపోతుంది. ఇది పారేయనా?"

"ఇటివ్వు."

అరచేతిలో ఆ పట్టీ మెత్తగా, ఉబ్బి, చల్లగా ఉంది. విప్పినా చుట్టు వదల్లేదు, ఎడమకే ముడుచుకుంటోంది. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ పీల్చింది. రాలేదు. చుక్క మాత్రం పళ్ళెంలో పడుతూనే ఉంది, టప్, టప్, తనకి తెలియకపోయినా పడుతూ.

బయటికొచ్చి ఫోను తీసింది. ఆ నంబరు తన ఫోన్లో ఉందో లేదో అనుకుంది. ఉంది. తీసెయ్యలేదు ఎందుకో. మోగింది. మోగుతుంటే ఆకాశంలో మీగడ ఒక చోట చిరిగింది.

"ఊఁ."

ఏమనాలి? వాక్యాలన్నీ వచ్చి గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డాయి, ఒక్కటీ లోపలికి రాదు.

"తిన్నావా?" అంది.

"లేదు."

"వర్క్‌షాపు దగ్గరున్నాను. బంగాళాదుంపలు ఉడికిస్తున్నాను."

"ఎక్కడ, లోపలా?"

"బయట."

"వస్తున్నా."

ఇల్లు కిందికి దిగేసరికి చక్రాలు నేలని మెల్లగా ముట్టుకున్నాయి, నీళ్ళు వేడిగా ఉన్నాయేమోనని కాలు పెట్టి చూసుకునే మనిషిలా. ఆమె లోపలికెళ్ళి కప్పులు చూసింది, దుప్పటి చూసింది. మడతపెట్టే ఉంది. పొయ్యి, సొట్టగిన్నె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఎత్తుకుని దిగింది. "గేటు అవతల ఎంతసేపైనా వండుకో అక్కా" అని అరిచింది మెకానిక్. "ఇవతల పుల్ల గీశావో, ఈసారి నిన్నే పైకెత్తేస్తా!" గేటు దాటి, గోడ చాటున ఇంత గట్టు ఉంది, పిచ్చిగడ్డి మొలిచి. అక్కడ రాళ్ళు సర్ది పొయ్యి పెట్టింది. ఇల్లు బాగుపడింది, ఇక లోపలే వండుకోవచ్చు. అయినా నేల మీద పెట్టింది. గాలికి మంట రెండుసార్లు ఆరింది. మూడోసారి నిలిచింది, పక్కకి వాలి, పడుకునే దీపంలా. ఉల్లిపాయలు, దుంపలు వేసింది, నీళ్ళు పోసింది. ఆవిరి లేచాక, ఎవరికో కనిపించాలన్నట్టు మూత తీసి పక్కన పెట్టింది.

బైకు కంటే ముందు ఆయన గొంతు వినబడింది. మరిది తోట మీదుగా వచ్చి అన్నని ఎక్కించుకున్నట్టున్నాడు. వెనక కూర్చుని, గాలికి ఎదురుగా అరుస్తున్నాడు ఆయన, కొమ్మల సంగతి, తోట యజమాని పిల్లి సంగతి, నెమ్మదిగా పోనివ్వరా నా టోపీ అనీ. మలుపు తిరిగింది బైకు. గోడ, గడ్డి, నేల మీద పొయ్యి, పొయ్యి మీద సొట్టగిన్నె, దాని పక్కన ఆమె. ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండి, మెల్లగా మూసుకుంది.

మరిది దిగాడు. చిక్కాడు. గడ్డం పెరిగింది, ఒక పక్క తెల్లగా. ఆమె వైపు చూడలేదు, మంట వైపు చూశాడు. వచ్చి, గాలి ఎటు నుంచి వస్తోందో ఒక్క క్షణం నిలబడి తెలుసుకుని, అటు వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు. వాలిపోయిన మంట లేచి నిటారుగా నిలబడింది. ఆమె సంచీలోంచి పట్టీ తీసి వాడికి కనిపించేలా రాయి మీద పెట్టింది. అది ఎడమకి ముడుచుకుంది. వాడు దాన్ని చూశాడు. తర్వాత చెయ్యి చాచి, గిన్నెని చెవి పట్టుకుని కొద్దిగా తిప్పాడు, సొట్ట తన వైపుకి వచ్చేలా.

దుంపలు మెత్తబడ్డాయి. ఆమె మూడు గిన్నెల్లో వడ్డించింది. ముందు వాడికి, ఎడమ వైపు నుంచి. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు, టోపీ మోకాలి మీద పెట్టుకుని. ఒక దుంప నోట్లో పెట్టుకుని, వేడికి కళ్ళ నీళ్ళు తిరుగుతున్నా ఊదుకుంటూ నమిలాడు. రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. గేటు దగ్గరికి వచ్చిన మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వాళ్ళని చూసి, వెనక్కి తిరిగింది. ఎండ వచ్చింది, పల్చగా, ముగ్గురి మీదా. చెంచాలు గిన్నెలకి తగులుతున్నాయి, కుడివి రెండు, ఎడమది ఒకటి. ఆమె తల వంచుకుని ఆ ఒక్క చప్పుడే వింటూ తింది.

వాడు తినడం ముగించాడు. సీసాలో నీళ్ళు ఒంచుకుని గిన్నె కడిగాడు, వేలితో అంచు చుట్టూ తిప్పి. లేచి ఇల్లుబండి దాకా నడిచి, దాన్ని మెట్టు మీద బోర్లించాడు.